వెంటపడే కెమెరా

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా ఇంగ్లీష్ మీడియంలో చదివినదాన్ని. తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. మాట్లాడే భాష, పుస్తకాల భాష రెండూ కలిసిపోతాయి. క్లబ్ సీనియర్లు దిద్దుతారన్న ధైర్యంతో రాస్తున్నాను.

మాది కృష్ణా జిల్లా మొవ్వ. క్షేత్రయ్య ఊరు అంటే కొంతమందికి తెలుస్తుంది. కూచిపూడి పక్క ఊరు అంటే దాదాపు అందరికీ తెలుస్తుంది, ఎందుకంటే కూచిపూడి మా మండలంలోనే ఉంది. పదో తరగతి దాకా నేను కూడా ఆ నాట్యం నేర్చుకున్నాను. తర్వాత జేఈఈ, ఎంసెట్ అంటూ గజ్జెలు అటక మీదకి వెళ్ళిపోయాయి. సెకండియర్‌లోకి వచ్చాక మళ్ళీ మొదలుపెట్టాలనిపించింది. ఎలా చేస్తున్నానో చూసుకోవాలంటే వీడియో కావాలి కదా, అక్కడ వచ్చింది చిక్కు. మా తమ్ముడిని తియ్యమంటే రెండు నిమిషాలకే చేతులు నొప్పి అంటాడు, పైగా పాదాలు కట్ చేసేస్తాడు. అమ్మకి తీరిక ఉండదు. నాన్నని అడిగితే ఫోన్ అడ్డంగా పట్టుకోవాలా నిలువుగా పట్టుకోవాలా అన్న దగ్గరే ఆగిపోతాం.

అలాంటి సమయంలో, పోయిన జూన్‌లో, అమెరికా నుంచి వచ్చిన మా పెదనాన్న కొడుకు నా చేతిలో ఒక చిన్న పెట్టె పెట్టాడు. లోపల అరచేతిలో పట్టేంత డ్రోన్. నాలుగు రెక్కల చుట్టూ పంజరంలాంటి రక్షణ. అరచేతిలో పెట్టుకుని బటన్ నొక్కితే పైకి లేస్తుంది, మన ముఖం చూస్తుంది, మనం నడిస్తే వెనకాల వస్తుంది. రిమోట్ అక్కర్లేదు. చెయ్యి చాపితే వచ్చి వాలుతుంది. దాని కంపెనీ పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే నేను చెప్పబోయే తప్పు కంపెనీ నెత్తిన వేసేది కాదు.

ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇది వీడియోల పిచ్చి అనుకోకండి. మా ఊళ్ళో ఒక ఆడపిల్ల బయట వీడియో తీసుకోవాలంటే తీసేవాడొకడు కావాలి. వాడెవడు, ఎందుకు తీస్తున్నాడు, మీకేమవుతాడు అని పది ప్రశ్నలు వస్తాయి. ఇప్పుడు ఎవరినీ బతిమాలే పని లేదు. కెమెరా తనంతట తనే పట్టుకుంటుంది.

ఈ కల నా ఒక్కదానిదే కాదు. పదేళ్ళకు పైగా ప్రపంచంలో చాలామంది కంటున్నదే. 2015లో అమెరికాలో లిలీ అనే కంపెనీ, గాల్లోకి విసిరితే ఎగిరి మనిషి వెంట వచ్చే కెమెరా చేస్తామని ప్రకటించింది. ముందస్తు ఆర్డర్ల కింద సుమారు 3 కోట్ల 40 లక్షల డాలర్లు వచ్చాయి. కొన్నవాళ్ళకి మాత్రం డ్రోన్ రాలేదు. 2017 జనవరిలో కంపెనీ మూసేశారు. 2016లో జీరో జీరో రోబోటిక్స్ వాళ్ళ హోవర్ కెమెరా పాస్‌పోర్ట్ వచ్చింది, బరువు 242 గ్రాములు. 2022 ఏప్రిల్‌లో స్నాప్ కంపెనీ పిక్సీ అని 101 గ్రాముల పసుపు రంగు డ్రోన్ తెచ్చి, కొద్ది నెలలకే ఆపేసింది. బ్యాటరీలు వేడెక్కి మంటలొచ్చే ప్రమాదం ఉందని 2024 ఫిబ్రవరిలో వాటిని వెనక్కి కూడా పిలిచారు. ఇన్ని దెబ్బలు తిన్నాక ఇప్పటికి పని కుదిరింది. హోవర్ ఎయిర్ ఎక్స్1 బరువు 125 గ్రాములు, 2024 సెప్టెంబర్‌లో వచ్చిన డీజేఐ నియో 135 గ్రాములు. ఒక బత్తాయికాయంత బరువు.

లోపల ఏం జరుగుతుందో మన బ్రాంచ్ వాళ్ళకి కొత్త కాదు, మిగతావాళ్ళ కోసం చెప్తాను. డ్రోన్ పొట్ట కింద ఒక కెమెరా ఉంటుంది. అది నేల మీద గడ్డి, రాళ్ళు, గీతల్ని ఒక ఫ్రేమ్ నుంచి ఇంకో ఫ్రేమ్‌కి పోల్చుకుంటూ తను ఎంత జరిగిందో లెక్కేసుకుంటుంది. ముందు కెమెరా బొమ్మలో మనిషి ఆకారాన్ని వెతికి చుట్టూ ఒక పెట్టె గీస్తుంది. ఆ పెట్టె ఎప్పుడూ బొమ్మ మధ్యలో ఉండాలి. పెట్టె కుడికి జరిగితే డ్రోన్ కుడికి తిరుగుతుంది, చిన్నదైతే దగ్గరికొస్తుంది, పెద్దదైతే వెనక్కి పోతుంది. అంతే. నేనెవరో దానికి తెలియదు. దానికి తెలిసింది పెట్టె ఒక్కటే.

మొదటి నిరాశ నాట్యం దగ్గరే ఎదురైంది. డ్రోన్ నా చుట్టూ గుండ్రంగా తిరుగుతూ తీసింది. సినిమా పాటలా ఉంది కానీ నాట్యంలా లేదు. కూచిపూడికి ఒక ముందు వైపు ఉంటుంది. కళ్ళు, చెయ్యి, అడుగు అన్నీ ఎదురుగా కూర్చున్న మనిషి కోసం. చుట్టూ తిరిగే కన్నుకి ఏది ముందో ఏది వెనకో తెలియదు. సరేలే అని ఒకేచోట నిలబెట్టి తీసే మోడ్‌లో పెట్టుకున్నాను. ఆ సమస్య తీరింది. అసలు సమస్య తర్వాత వచ్చింది.

జూలై చివర్లో ఒక ఆదివారం, పొద్దున్నే. మా ఇంటి వెనక గడ్డివాము ఉంది, దాని పక్కనుంచి చేలోకి దారి. గట్టు మీద నడుస్తూ ఒక చిన్న వీడియో తీసుకుందామని డ్రోన్‌ని వెంట నడిచే మోడ్‌లో పెట్టాను. గడ్డివాము దాటి మలుపు తిరిగాను. నేను కనపడకపోయేసరికి డ్రోన్ పెట్టె పోగొట్టుకుంది. సరిగ్గా అప్పుడే పక్కింటి అత్త తలస్నానం చేసి, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని దొడ్లోకి వచ్చింది. డ్రోన్‌కి ఇంకో మనిషి ఆకారం దొరికింది. దాని లెక్కలో పని మళ్ళీ మొదలైనట్టే. అత్త ఇంట్లోకి నడిస్తే అదీ వెనకే నడిచింది. ఆవిడ ఆగితే ఆగింది. ఆవిడ పరిగెత్తితే అదీ పరిగెత్తింది.

నేను గడ్డివాముకి అవతల, నా వెనకాల కెమెరా వస్తోందన్న నమ్మకంతో, బాగా నవ్వు ముఖం పెట్టుకుని నడుస్తున్నాను. అరుపు వినపడి వెనక్కి వచ్చి చూస్తే, అత్త వరండాలో చీపురు పట్టుకుని నిలబడి ఉంది, డ్రోన్ గుమ్మం ముందు మనిషెత్తులో ఆగి ఆవిడనే చూస్తోంది. పట్టుకుని ఆపేశాను. ఆవిడ అన్న మొదటి మాట ఇది:

"ఏమే అమ్మాయ్, ఇదేందే నా వెంటపడింది?"

ఆ మాట నాకు ఇప్పటికీ మనసులో తిరుగుతూనే ఉంది. నేను అప్పటిదాకా ఆ మోడ్‌ని 'ఫాలో' అనే అన్నాను. పెట్టె మీద అదే, యాప్‌లో అదే. ఇన్‌స్టాగ్రామ్‌లో మనల్ని ఎంతమంది ఫాలో అయితే అంత గొప్ప. ఇంగ్లీషులో చదువుకున్నందుకేమో, ఆ మాటలో నాకు ఏ తప్పూ కనపడలేదు. తెలుగులో 'వెంట రావడం' వేరు, 'వెంటపడడం' వేరు. వెంట రావడానికి ముందు మనం రమ్మంటాం. వెంటపడేవాడిని ఎవరూ రమ్మనరు. ట్యూషన్ నుంచి వస్తుంటే సైకిల్ మీద ఎవడో వెనకే వచ్చిన రోజులు నాకూ ఉన్నాయి, ఇది చదువుతున్న అమ్మాయిల్లో చాలామందికి ఉంటాయి. ఆ రోజు ఆ పని నా చేతిలోంచి వెళ్ళిన వస్తువు చేసింది. దానికి దురుద్దేశం లేదు, నాకూ లేదు. అయినా పరిగెత్తిన మనిషి గుండె దడకి ఆ సంగతి తెలియదు కదా.

ఆ సాయంత్రం అమ్మతో కలిసి వాళ్ళింటికి వెళ్ళాను. అత్త అడిగినవి రెండే ప్రశ్నలు. "అందులో నేను పడ్డానా? నెట్‌లో పెట్టేశావా?" వీడియో చూపించాను. నలభై సెకన్లు ఉంటుంది. ఆవిడ మొత్తం చూసింది, మాట్లాడలేదు. ఆవిడ కళ్ళ ముందే డిలీట్ చేశాను. డ్రోన్ మెమరీలోంచి తీసేసి, ఫోన్‌లోకి కాపీ అయిందేమో అని గ్యాలరీ కూడా చూపించాను. తీసేసినవి ముప్పై రోజులు దాచుకునే ఫోల్డర్ ఒకటి ఉంటుందని నాకు అక్కడే గుర్తొచ్చింది, అదీ ఖాళీ చేశాను. కంప్యూటర్ సైన్స్ చదువుతున్న నాకే ఇన్ని చోట్ల వెతకాల్సి వస్తే, ఆవిడ నన్ను ఎందుకు నమ్మాలి?

హాస్టల్‌కి వచ్చాక చట్టం ఏమంటుందో చదివాను. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములకు మించనివి నానో డ్రోన్లు. వీటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 2 కిలోల దాకా ఉన్నవాటికి కూడా వ్యాపారానికి కాకుండా సొంతానికైతే అక్కర్లేదు. ఆకాశాన్ని మ్యాప్ మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా విడదీశారు. ఆకుపచ్చలో మామూలుగా 400 అడుగుల ఎత్తు దాకా ఎగరెయ్యొచ్చు. ఎరుపులో కేంద్ర ప్రభుత్వం అనుమతి లేకుండా కుదరదు. రూల్ తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా.

ఇంకొకటి కూడా తెలిసింది, దాన్ని ఇక్కడ దాచడం న్యాయం కాదు. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్లను మన దేశంలోకి దిగుమతి చెయ్యడం నిషేధం. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకి మాత్రమే మినహాయింపు. విడిభాగాలు తెచ్చుకోవచ్చు. అంటే మా అన్నయ్య ప్రేమగా సూట్‌కేసులో పెట్టి తెచ్చిన బహుమతి అసలు రావాల్సింది కాదు. నాకు తెలియదు అనడం సాకు కాదని తెలుసు. మీ వాళ్ళెవరైనా తెస్తానంటే ముందే ఈ సంగతి చెప్పండి.

ఈ రూల్స్ అన్నీ గ్రాములు, అడుగులు, కిలోమీటర్లు. విమానాలకి అడ్డం రాకూడదు, దేశ భద్రతకి ముప్పు రాకూడదు. సరైనవే. కానీ అత్త దొడ్డి ఏ జోన్‌లోకి వస్తుంది? మ్యాప్‌లో అది ఆకుపచ్చే. ఇంకో పక్క, ఆడవాళ్ళ వెంటపడడం, చాటుగా చూడడం, తియ్యడం నేరాలని భారతీయ న్యాయ సంహిత 77, 78 సెక్షన్లు చెప్తాయి. అవి చెడ్డ ఉద్దేశం ఉన్న మనుషుల కోసం రాసినవి. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచ్ గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం మాత్రం సొంతానికి, ఇంటి అవసరానికి వాడుకునే డేటా జోలికి రాదు. వీటన్నిటి మధ్యలో ఒక ఖాళీ ఉంది. చెడ్డ ఉద్దేశం లేని పిల్ల, 250 గ్రాములు లేని డ్రోన్, ఆకుపచ్చ జోన్, భయపడిన ఒక మనిషి. ఆ ఖాళీని నింపాల్సింది ఎగరేసేవాళ్ళే అని నా అభిప్రాయం.

ఈ మాట హాస్టల్‌లో అంటే నా మీద విరుచుకుపడ్డారు. "పెళ్ళిళ్ళలో ఇంతకన్నా పెద్ద డ్రోన్లు ఎగరట్లేదా? ప్రతి చేతిలో ఫోన్ లేదా? ప్రతి షాపులో సీసీ కెమెరా లేదా? నీ బుల్లి డ్రోన్ దగ్గరే అందరి పరువు పోయిందా?" అని.

ఆలోచిస్తే ఆ ప్రశ్నల్లో సగం నిజం ఉంది. పెళ్ళి డ్రోన్ పందిరి పైన ఎక్కడో ఉంటుంది, నడిపేవాడు ఎక్కడున్నాడో కూడా తెలియదు. వాళ్ళకీ ఇవే ప్రశ్నలు వెయ్యాలి. ఆ రకంగా చూస్తే నా చిన్న డ్రోనే నయం, దగ్గరగా, కిందగా ఎగురుతుంది, తేనెటీగల తుట్టెలా చప్పుడు చేస్తుంది, ఎవరిదో అందరికీ తెలుస్తుంది. కానీ ఫోన్‌తో పోలిక మాత్రం ఒప్పుకోను. ఫోన్ వెనకాల ఒక మనిషి ఉంటాడు. తియ్యొద్దు అని కళ్ళెర్ర చేస్తే దించేస్తాడు. సీసీ కెమెరా గోడకి ఉంటుంది, మనం దాని ముందు నుంచి తప్పుకోవచ్చు. తనంతట తను ఎగిరే కెమెరా ముందు నుంచి తప్పుకుంటే, తప్పుకున్నందుకే అది వెనకాల వస్తుంది. అత్త చీపురు చూపించి తిట్టింది, దానికి ఆ తిట్టు అర్థం కాదు. తిట్టు అర్థమయ్యే మనిషిని నేను, గడ్డివాముకి అవతల ఉన్నాను.

మరి ఇవి వద్దా? అలా నేను అనను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు డాబాల మీద చిక్కుకున్నవాళ్ళకి డ్రోన్లతో ఆహారం పొట్లాలు అందించారు. తర్వాతి నెలలోనే పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లతో ఆకాశంలో బొమ్మలు వేస్తే జనం మురిసిపోయారు. మా తాతయ్య తరం 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన చూసింది. ఆ రోజుల్లో మన ఊరిని పైనుంచి చూడాలంటే హెలికాప్టర్‌లో వచ్చే పెద్దవాళ్ళకే కుదిరేది. ఇప్పుడు ఆ చూపు పంతొమ్మిదేళ్ళ పిల్ల అరచేతిలోకి వచ్చింది. దాన్ని వదులుకోమని ఎవరికీ చెప్పను. ముఖ్యంగా, తీసేవాళ్ళు లేక ఆగిపోయిన అమ్మాయిలకి అసలే చెప్పను.

అందుకని నాకోసం కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. మొదటిది, కేక దూరం. ఫ్రేమ్‌లో పడే ప్రతి మనిషీ "ఆపవే" అని అరిస్తే నాకు వినపడాలి, వాళ్ళకి నేను కనపడాలి. ఆ దూరం దాటితే దించెయ్యడమే. రెండోది, ఇళ్ళ మధ్య వెంట వచ్చే మోడ్ వాడను. ఒకేచోట నిలబెట్టి తీసుకుంటాను, అదీ అటూ ఇటూ ఇళ్ళవాళ్ళకి ఒక మాట చెప్పాక. వెంట రావడం అనేది ఖాళీ చోట్లలోనే, కళ్ళం దగ్గరో, కాలేజీ గ్రౌండ్‌లోనో. మంగినపూడి బీచ్ కూడా బాగుంటుంది కానీ సముద్రపు గాలి చూసుకోవాలి, నియోలాంటివి సెకనుకు 8 మీటర్ల గాలి దాకానే తట్టుకుంటాయి. హంసలదీవి వైపు వెళ్తే మడ అడవులు, అభయారణ్యం ఉన్నాయి, అటవీ శాఖని అడగకుండా వద్దు. మూడోది, తీసిన వీడియోలో వేరేవాళ్ళు పడితే, ఎక్కడైనా పెట్టే ముందు వాళ్ళకి చూపించాలి.

మన కాలేజీవాళ్ళకి ఇంకో మాట. విడిభాగాలు తెచ్చుకోవడానికి అడ్డు లేదు కాబట్టి, మనిషి వెంట వచ్చే డ్రోన్‌ని మన ఈసీఈ, సీఎస్ఈ పిల్లలు కలిసి ప్రాజెక్టుగా చెయ్యొచ్చు. చేస్తే ఒక చిన్న నిర్ణయం మన చేతిలో ఉంటుంది. పెట్టె పోతే ఏం చెయ్యాలి? ఇంకో మనిషిని వెతుక్కోవాలా, ఆగి నిలబడాలా? నాలుగైదు లైన్ల కోడ్ తేడా. డెమోలో మొదటిదే బాగుంటుంది, వీడియో తెగిపోదు. దొడ్లోకి వచ్చిన ఆడమనిషికి మాత్రం ఆ నాలుగు లైన్లే తేడా. ఆగి నిలబడే కోడ్ రాద్దాం. వీడియో తెగితే తెగనీ.

ఆగస్టులో మళ్ళీ ఊరెళ్ళాను. డ్రోన్ పెట్టెలోనే ఉంచాను, తియ్యాలనిపించలేదు. అత్తే గోడ మీదుగా పిలిచింది. "ఏమే, ఆ తూనీగని తెచ్చావా? మా చేను పైనుంచి ఎట్టా ఉంటదో చూపించు. మీ మావయ్య నాట్లు వంకరటింకరగా ఏయించాడని నా అనుమానం."

వెళ్ళాం. ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం, డ్రోన్ లేపాను. నాట్లు పడిన మడి నిండా నీళ్ళు. అక్కడ నేను ఒక పాఠం మర్చిపోయాను. డ్రోన్ పొట్ట కింది కెమెరాకి కదలని గుర్తులు కావాలి, కదిలే నీళ్ళలో, మబ్బుల నీడలో దానికి పట్టు దొరకదు. మడి మీదకి వెళ్ళగానే తాగినవాడిలా తూలి, పక్కకి జారుతూ కిందకి దిగడం మొదలుపెట్టింది. నేను చెప్పులు విప్పేలోపే అత్త చీర ఎగదోపుకుని మోకాలి లోతు బురదలోకి దిగి, నీళ్ళకి జానెడు పైన దాన్ని అరచేత్తో పట్టేసింది.

ఇంటికొచ్చి వీడియో చూశాం. పచ్చటి మడి, వంకర వరసలు, గట్టు మీద మేమిద్దరం చీమల్లా, తర్వాత ఊగుతూ నీళ్ళు, చివర్లో ఫ్రేమంతా నిండిపోయిన ఒక బురద చెయ్యి. తీసెయ్యనా అని అడిగాను.

"దీన్ని తీసెయ్యమాకే," అంది అత్త. "మీ మావయ్య రాగానే చూపించాలి."